శుక్రవారం మధ్యాహ్నం నింపే ఫారం

నమస్కారం. వెనక వరసలవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

నన్ను పిలిచినప్పుడు "ఆఫీసుల్లో ఇచ్చే ట్రైనింగ్ మీద ఉద్యోగులకి ఎంత తృప్తి ఉంది" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను 29 ఏళ్ళు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేశాను, చివరి 8 ఏళ్ళు వాళ్ళ స్టాఫ్ ట్రైనింగ్ సెంటర్లో ఫ్యాకల్టీగా ఉన్నాను. నాకు లోతుగా తెలిసింది బ్యాంకే కాబట్టి బ్యాంకు గురించే చెబుతాను. మీలో ఆస్పత్రుల నుంచి, ఇన్సూరెన్సు నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారట, నేను చెప్పేదాంట్లో మీ దగ్గరికి ఎంత వర్తిస్తుందో మీరే చూసుకోండి.

ముందు ఆ ఫారం సంగతి చెప్పాలి. అయిదు రోజుల ప్రోగ్రాం అంటే శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి చివరి సెషన్. అప్పటికే అందరి బ్యాగులూ తలుపు దగ్గర వరసగా ఉంటాయి, సగం మందికి రాత్రి రైలు, కొందరికి బస్సు, రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు, టీఏ బిల్లు మీద సంతకం కాలేదు. సరిగ్గా అప్పుడు మేం ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తాం. ఫ్యాకల్టీ ఎలా చెప్పారు, హాస్టల్ ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, ప్రోగ్రాం మీకు ఉపయోగపడుతుందా, ఒకటి నుంచి అయిదు దాకా టిక్కు పెట్టండి అని. రెండు నిమిషాల్లో అందరూ నాలుగూ అయిదూ పెట్టేసి ఇచ్చేస్తారు. ఆ కాగితాల సగటు తీసి హెడ్డాఫీసుకి పంపేవాళ్ళం, ఏడాది చివర మా పనికి కొలమానం అదే. నా మార్కులు ఎప్పుడూ బాగానే ఉండేవి, నేను వాటిని నమ్మాను కూడా.

ఆ నమ్మకం ఎక్కడ పోయిందో చెబుతాను. ఒక ప్రోగ్రాంకి, స్వయం సహాయక సంఘాల లోన్లు, వ్యవసాయ లోన్ల మీద పెట్టిన ప్రోగ్రాం అది, ఒక మండల కేంద్రం బ్రాంచి నుంచి కొత్తగా ఆఫీసరైన అమ్మాయి వచ్చింది. ఆ బ్యాచిలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఆ అమ్మాయివే. "సంఘం తీర్మానాల పుస్తకంలో సంతకాలన్నీ ఒకే చేతిరాతలో ఉంటే ఏం చేయాలి మేడమ్?" అని అడిగింది. పుస్తకంలో దొరికే ప్రశ్న కాదది, బ్రాంచిలో ఎవరో ఒకావిడ అలాంటి పుస్తకం తెచ్చి తన ముందు పెట్టి ఉంటేనే వచ్చే ప్రశ్న. మేం దాని మీదే గంటసేపు మాట్లాడాం, సంఘం మీటింగు రోజున వెళ్ళి కూర్చోవడం, పొదుపు లెక్క ఒక్కొక్కరి పాస్‌బుక్కుతో సరిచూడటం, లీడర్లని కాకుండా చివర కూర్చున్న సభ్యురాలిని అడగడం, ఇవన్నీ. వెళ్ళేటప్పుడు ఫారంలో అన్నిటికీ అయిదు పెట్టింది, కింద రెండు వాక్యాలు రాసింది కూడా.

ఆరు నెలల తర్వాత వేరే పని మీద ఆ బ్రాంచికి వెళ్ళాల్సొచ్చింది. ఆ అమ్మాయి కౌంటర్ వెనక పాసింగ్ సీట్లో ఉంది, అంటే వోచర్లు సరిచూసి ఆమోదించే పని, ముందు జనం. లంచ్ టైంలో అడిగాను, ఎన్ని సంఘాలు చూశావమ్మా అని. ఒక్కటి కూడా చూడలేదంది. "నన్ను ఫీల్డుకి పంపరు మేడమ్, ఇక్కడ పాసింగ్‌కి మనిషి లేరు. ఆ ఫైల్స్ పాత సారే చూస్తారు. మీరిచ్చిన మెటీరియల్ ఇంట్లో అలమారాలో ఉంది." ఆ మాటల్లో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. నాకు మాత్రం అన్నం సహించలేదు.

ఆ అమ్మాయి శుక్రవారం నాడు పెట్టిన అయిదు అబద్ధం కాదు, ఆ రోజు తనకి నిజంగానే తృప్తిగా ఉంది. ఆరు నెలల తర్వాత అడిగి ఉంటే ఏ అంకె వేసేదో, ఆ అంకెని మేం ఎన్నడూ అడగలేదు. మా రికార్డుల్లో ఎక్కింది మొదటిదే.

ఈ విషయం కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అని అమెరికాలో ఒకాయన 1959లోనే వరసగా వ్యాసాలు రాశాడు, ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో చూడాలని. వచ్చినవాళ్ళకి ఎలా అనిపించింది అన్నది మొదటి మెట్టు, ఏం నేర్చుకున్నారన్నది రెండోది, తిరిగి వెళ్ళాక పనిచేసే తీరు మారిందా అన్నది మూడోది, దానివల్ల సంస్థకి ఏం ఒరిగిందన్నది నాలుగోది. ఇది ప్రతి ట్రైనింగ్ సెంటర్లోనూ స్లైడు మీద ఉంటుంది, నేనే ఎన్నిసార్లు చూపించానో. చూపించి మొదటి మెట్టు మీదే ఆగిపోయేవాళ్ళం, ఎందుకంటే అక్కడ మనుషులు మన గదిలోనే ఉంటారు, అడగడం తేలిక. మూడో మెట్టు ఎక్కాలంటే బ్రాంచికి వెళ్ళాలి.

అసలు ట్రైనింగ్‌కి ఎవరొస్తారు, అక్కడి నుంచే మొదలవుతుంది తంటా. నామినేషన్ మెయిల్ బ్రాంచికి వస్తుంది, ఫలానా సబ్జెక్టుకి ఒకరిని పంపండి అని. బ్రాంచిలో ఆరుగురు స్టాఫ్, అందులో ఒకరు లీవులో, ఒకరు డెప్యుటేషన్ మీద ఉంటారు. మేనేజర్ ఏం చేస్తాడు? ఎవరు లేకపోతే ఆ రోజు కౌంటర్ ఆగదో వాళ్ళని పంపుతాడు. నేను మేనేజర్‌గా చేసినప్పుడు నేనూ అదే చేశాను, ఈ హాల్లో మేనేజర్లుంటే వాళ్ళకి తెలుసు. దాంతో లోన్లు చూసే మనిషికి లోన్ల ట్రైనింగ్ ఎప్పటికీ దొరకదు, ఆయన్ని వదిలితే బ్రాంచి ఆగుతుంది కాబట్టి. ఇంకొకరు మూడేళ్ళలో నాలుగు ట్రైనింగులకి వస్తారు, వాటిలో ఒక్కటీ వాళ్ళ సీటుకి సంబంధించింది కాదు. క్లాసులో కూర్చున్నా ఫోను మోగుతూనే ఉంటుంది, "సార్, ఆ గోల్డ్ లోన్ ప్యాకెట్ ఏ లాకర్లో పెట్టారు" అని. బయటికెళ్ళి మాట్లాడి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పోతాయి. ఆ మనిషికి ట్రైనింగ్ మీద తృప్తి ఉందా అని అడిగితే ఏం చెబుతాడు? ఆయన అసలు ట్రైనింగ్‌లో లేడు.

ఇంకో రకం కూడా ఉంది, అది నాకు ఇంకా బాధగా అనిపించేది. ఏదైనా పొరపాటు జరిగితే, కస్టమర్ కంప్లయింట్ వస్తే, "ఈయన్ని ట్రైనింగ్‌కి పంపండి" అని రాస్తారు. అలా వచ్చినవాళ్ళు గదిలోకి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది, చివరి వరసలో కూర్చుంటారు, తలెత్తరు. పక్కవాళ్ళు ఎందుకొచ్చారని అడిగితే వేరే కారణం చెబుతారు. నేర్చుకోవడాన్ని శిక్షగా మార్చాక ఎంత మంచి ఫ్యాకల్టీ ఉన్నా ఏం లాభం? ఒక పెద్దాయన, రిటైర్మెంటుకి రెండేళ్ళుంది, అయిదు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదు. చివరి రోజు టీ దగ్గర మెల్లగా అన్నాడు, "అమ్మా, ఈ స్క్రీన్ ఎలా వాడాలో రెండేళ్ళ నుంచి మా వాళ్ళని అడుగుతున్నాను, ఎవరికీ తీరిక లేదు. తప్పు జరిగాక పంపారు." ఆయనకి కావలసింది అరగంట, అది కూడా రెండేళ్ళ కిందట.

ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సుల గురించి. మీ అందరికీ తెలిసిందే. ఏడాదికి ఇన్ని మ్యాండేటరీ కోర్సులు చేయాలి, కేవైసీ, సైబర్ సెక్యూరిటీ, మహిళలపై వేధింపుల నివారణ, కస్టమర్ సర్వీసు, ఒక్కోదానికి చివర క్విజ్, పాసైతే సర్టిఫికెట్, అప్రైజల్లో మార్కులు. సబ్జెక్టులన్నీ ముఖ్యమైనవే. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం ప్రతి యజమానీ ఎప్పటికప్పుడు అవగాహన కార్యక్రమాలు పెట్టాలని చెబుతోంది, అది ఎంత అవసరమో ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కానీ ఎలా జరుగుతోంది? మార్చి నెలాఖరు, ఇయర్ ఎండింగ్ టెన్షన్, పైనుంచి లిస్టు వస్తుంది, మీ బ్రాంచిలో ఇంతమంది పెండింగ్ అని. ఉద్యోగి రాత్రి పదింటికి ఇంట్లో కూర్చుని నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాడు, క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటాయి. కొన్ని ఇళ్ళల్లో పిల్లలు కూర్చుని నొక్కిపెడతారు. దీన్ని చూసి ఉద్యోగులకి నేర్చుకునే ఆసక్తి లేదనే అధికారులున్నారు. నేను ఒప్పుకోను. పని గంటల్లో పావుగంట కూడా ఇవ్వకుండా, నిద్రపోవాల్సిన టైంలో చేయమన్న పనిని ఎవరైనా అలాగే చేస్తారు. వేధింపుల మీద కోర్సుని అలా నొక్కేసి ముగించిన బ్రాంచిలో, రేపు ఒక అమ్మాయికి నిజంగా ఇబ్బంది వస్తే కంప్లయింట్ ఎవరికి ఇవ్వాలో అక్కడ ఒక్కరికీ తెలియకపోవచ్చు, రికార్డులో మాత్రం అందరూ పాస్.

అదే ఉద్యోగులు ఇష్టపడి చదివే చదువు కూడా ఉంది, అది గమనించండి. బ్యాంకు ఉద్యోగులు తమంతట తాము రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు. ఆ పరీక్షలు పెట్టే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ 1928 నుంచీ ఉంది. అవి పాసైతే జీతంలో ఇంక్రిమెంట్లు కలుస్తాయి. పిల్లల్ని నిద్రపుచ్చి రాత్రి పన్నెండు దాకా చదివిన ఆడవాళ్ళు నాకు తెలుసు, సెలవు పెట్టి గ్రూపుగా కూర్చుని చదివిన క్లర్కులు తెలుసు. ఎవరూ వాళ్ళని మెయిల్ మీద మెయిల్ పెట్టి తరమలేదు. చదివితే జీతంలో కనబడుతుంది, ప్రమోషన్‌కి పనికొస్తుంది, పేరు పక్కన నిలబడుతుంది. ఆన్‌లైన్ కోర్సు నొక్కేసినవాళ్ళూ, ఈ పరీక్షలకి నిద్ర మానుకున్నవాళ్ళూ ఒకే మనుషులు. అందుకే ఆసక్తి లేదన్న మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. నా బాబుకి రెండేళ్ళప్పుడు నాకు వేరే ఊళ్ళో రెండు వారాల ట్రైనింగ్ వేశారు. ప్రమోషన్ తర్వాత తప్పనిసరి, వాయిదా అడిగితే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. మా అత్తగారికి ఒంట్లో బాగాలేదు. మా అమ్మ తన ఊరు, తన పనులు వదులుకుని వచ్చి ఉంది. నేను రోజూ రాత్రి హాస్టల్ వరండాలో నిలబడి ఫోన్లో వాడి ఏడుపు వినేదాన్ని. క్లాసులు బాగున్నాయి, చాలా నేర్చుకున్నాను, చివరి రోజు ఫారంలో హాస్టల్ బాగుంది, భోజనం బాగుంది అని రాశాను. నువ్వు ఏం వదిలిపెట్టి వచ్చావు అని ఆ ఫారంలో గడి లేదు. ఇలాంటి ట్రైనింగులు వద్దనుకుని ప్రమోషనే వదులుకున్న స్నేహితురాళ్ళు నాకు ఇద్దరున్నారు, ఇద్దరూ నాకంటే తెలివైనవాళ్ళు. తర్వాత నేను ఫ్యాకల్టీ అయ్యాక మా సెంటర్లో కొన్ని ప్రోగ్రాములని రెండు రెండు రోజులుగా విడగొట్టి, జిల్లా కేంద్రాల్లోనే పెట్టించగలిగాం. పెద్ద ఖర్చేం కాలేదు, ఫ్యాకల్టీ ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం, అంతే. వచ్చిన ఆడవాళ్ళ సంఖ్య మా కళ్ళకే తెలిసేటంతగా పెరిగింది.

భాష సంగతి కూడా చెప్పాలి. బ్యాంకుల్లో ఆఫీసర్లని దేశం మొత్తం మీద తీసుకుంటారు, ఎక్కడి నుంచి ఎక్కడికైనా వేస్తారు. బీహార్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చిన కుర్రాడు శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరి బ్రాంచిలో పడతాడు. వాడికి మేం రిస్క్ మేనేజ్‌మెంట్ చెబుతాం, బ్యాంకుల మూలధనం మీద ఉండే అంతర్జాతీయ బాసెల్ నిబంధనలు చెబుతాం. వాడికి ఆ సోమవారం కావలసింది "అమ్మా, వేలిముద్ర పడటం లేదు, చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టండి" అని తెలుగులో చెప్పగలగడం. ఒక బ్రాంచిలో అటెండరు, పెద్దగా చదువుకోలేదు, అలా వచ్చిన కుర్రాడికి రోజూ సాయంత్రం గేటు వేశాక పది నిమిషాలు తెలుగు మాటలు నేర్పేవాడు. పాస్‌బుక్, వడ్డీ, తాకట్టు, కౌలు, హామీ, వాయిదా, పట్టాదారు. ఒక నోట్‌బుక్‌లో హిందీ అక్షరాల్లో రాసుకునేవాడు ఆ కుర్రాడు. తర్వాత మా సెంటర్‌కి వచ్చినప్పుడు, నీకు ఇప్పటిదాకా అన్నిటికంటే ఉపయోగపడిన ట్రైనింగ్ ఏది బాబూ అని అడిగితే ఆ నోట్‌బుక్ తీసి చూపించాడు. ఆ అటెండరుకి ఎవరూ ట్రైనర్ అన్న పేరు పెట్టలేదు, ఒక సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇవ్వాలి కదా?

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లోకి కొత్త పనివాళ్ళు లక్షలమంది వచ్చిపడ్డారు, వాళ్ళకి త్వరగా పని నేర్పాల్సొచ్చి ఒక పద్ధతి పెట్టారు. ముందు మనిషిని కుదురుగా కూర్చోబెట్టి భయం పోగొట్టు, తర్వాత చేసి చూపించు, తర్వాత అతని చేత చేయించు, తర్వాత వదిలేయకుండా వచ్చి చూస్తూ ఉండు. యుద్ధం అయ్యాక ఇది జపాన్‌కి వెళ్ళింది, అక్కడి ఫ్యాక్టరీల్లో బాగా పాతుకుంది. ఆ పద్ధతి పెట్టినవాళ్ళు రాసుకున్న మాట ఒకటుంది, పనివాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదన్నమాటే అని. ఇందులో నాలుగో మెట్టు చూడండి, వచ్చి చూస్తూ ఉండటం. మా క్లాసుల్లో మొదటి రెండే జరిగేవి, మూడోది అప్పుడప్పుడు, నాలుగోది లేనే లేదు.

అలా పక్కనే ఉండి చూడటం జరిగిన సందర్భం ఒకటి నాకు గుర్తుంది. 2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగుగా కలిశాయి, మన మచిలీపట్నంలో 1923లో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు కూడా ఆ రోజే యూనియన్ బ్యాంకులో కలిసింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై వారమే అయింది. మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పే వీలే లేదు. ఆ ఏడాది విలీనాల్లో ఉన్న స్టాఫ్ కొత్త రూల్సు, కొత్త మెనూలు, కొత్త ఫారాలు ఎలా నేర్చుకున్నారో నాకు తెలిసినవాళ్ళు చెప్పేవాళ్ళు. అవతలి బ్యాంకు బ్రాంచిలో తమలాంటి ఆఫీసరుకి ఫోన్ చేసి, స్క్రీన్ ఫోటో పంపి, "సార్ ఇక్కడ ఆగిపోయింది, తర్వాత ఏం కొట్టాలి" అని అడిగి నేర్చుకున్నారు. పరిస్థితులు కొంచెం కుదుటపడ్డాక కొన్నిచోట్ల పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టారు, వారం రోజులు పక్కనే ఉండి చూపించడానికి. ఎవర్ని అడిగినా ఆ పక్క సీటు మనిషిని ఇప్పటికీ పేరుపెట్టి తలుచుకుంటారు. ఏసీ హాల్లో మేం చెప్పిన సెషన్లని అలా తలుచుకున్నవాళ్ళు నాకు తక్కువమందే తగిలారు, ఆ సంగతి నాకు తెలియాల్సింది చాలా ముందు.

ఆ మండల కేంద్రం నుంచి తిరిగొచ్చాక మేం ఒక పని చేశాం. హెడ్డాఫీసు ఫారం ఎలాగూ నింపించాలి, అది నింపించేవాళ్ళం. దానికి తోడు, ప్రోగ్రాం అయిన మూడు నెలలకి వచ్చిన ప్రతి ఒక్కరికీ మేమే ఫోన్ చేయడం మొదలుపెట్టాం, తెలుగులో, సాయంత్రం అయిదు తర్వాత. ఇక్కడ నేర్చుకున్నదాంట్లో మీ చేత్తో చేసిన పని ఒకటి చెప్పండి అని అడిగేవాళ్ళం. చేయలేదంటే ఏం అడ్డమొచ్చిందో చెప్పమనేవాళ్ళం. మేం చెప్పినవాటిలో మీ బ్రాంచిలో అస్సలు పనికిరానిది ఏది అని కూడా అడిగేవాళ్ళం, దీనికి వచ్చే జవాబులే మాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. మొదట్లో అందరూ "బాగుంది మేడమ్, చాలా బాగుంది" అనేవాళ్ళు, పై నుంచి ఎంక్వయిరీ అనుకుని. పేరు రాయట్లేదని, మా క్లాసు సరిచేసుకోవడానికే అని నచ్చజెప్పాక నోరు విప్పారు. కొందరు ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఇన్నేళ్ళ సర్వీసులో ట్రైనింగ్ తర్వాత నాకు ఫోన్ చేసి ఏమైందని అడిగింది మీరే అని ఒకాయన అన్నాడు, ఆయన గొంతు కొంచెం వణికింది.

వాళ్ళ మేనేజర్లకీ చేశాం. ఒక మేనేజర్ గారు, "ఎవరు, ఆవిడ మీ దగ్గరికి వచ్చిందా? నేను లీవనుకున్నానే" అన్నారు. ఆ మాట విన్నాక మేం పద్ధతి మార్చాం. నామినేషన్ వచ్చినప్పుడే మేనేజర్‌ని ఒక వాక్యం రాసి పంపమన్నాం, ఈ మనిషి తిరిగొచ్చాక ఏ సీట్లో కూర్చుంటారు, ఏ పని చేస్తారు అని. రాయనివాళ్ళ నామినేషన్ తీసుకోం అన్నాం. చాలామందికి కోపం వచ్చింది, జోనల్ ఆఫీసుకి ఫోన్లు వెళ్ళాయి, ఒక ప్రోగ్రాంలో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ సగం మందితో చేసిన ప్రోగ్రాం లాంటిది నేను అంతకుముందు చేయలేదు. ప్రతి ఒక్కరికీ సోమవారం నాడు తమ టేబుల్ మీద ఏ ఫైలు ఉండబోతోందో తెలుసు, కొందరు ఆ ఫైలు జిరాక్సులు కూడా తెచ్చుకున్నారు.

అయితే ఇది నేను రిటైరయ్యాక ఎంతకాలం నిలబడిందంటే, ఎక్కువ కాలం నిలబడలేదు. కుర్చీలు నిండాలని మళ్ళీ పాత పద్ధతికే వెళ్ళారని విన్నాను. ఏడాదిలో ఇంతమందికి ట్రైనింగ్ ఇచ్చాం అన్న అంకె పై రిపోర్టులో ఉండాలి, సగం హాలు ఖాళీ అంటే ఆ అంకె తగ్గుతుంది. మీలో ట్రైనింగ్ సెక్షన్లు చూసేవాళ్ళు ఈ అంకె గురించి మీ పైవాళ్ళతో పోట్లాడాలి. ఇది కష్టమని నాకు తెలుసు, నేను పోట్లాడి సగమే గెలిచాను.

ఆ మండల కేంద్రం అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. ఆ పాత సారు ట్రాన్స్‌ఫర్ అయ్యాక సంఘాల ఫైళ్ళు తనకే వచ్చాయి, అప్పటికి ఏడాదిన్నర దాటింది. ఒక రాత్రి ఫోన్ చేసింది. "మేడమ్, రేపు మొదటిసారి సంఘం మీటింగుకి వెళ్తున్నాను, మీరు ఆ రోజు చెప్పిందంతా మర్చిపోయాను, ఇంకోసారి చెబుతారా" అని. ఇద్దరం పదకొండున్నర దాకా మాట్లాడుకున్నాం. చివర కూర్చున్న ఆవిడని అడగడం మర్చిపోకు అన్నాను. మర్నాడు సాయంత్రం మెసేజ్ పెట్టింది, చివర కూర్చున్న ఆవిడకి సంఘంలో లోను ఉందన్న సంగతే తెలియదు మేడమ్ అని.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇంకా పావుగంట టైం ఉంది. కిటికీ పక్కన కూర్చున్న ఆ అమ్మ ఇందాకటి నుంచి రెండు మూడు సార్లు చెయ్యెత్తారు, నేను మాట్లాడుతూ ఆగలేదు, ఏమనుకోకండమ్మా. మైకు ముందు ఆవిడకి ఇవ్వండి.